దిగాకే పరమాన్నం

2011 జులై 8న నాసా అంతరిక్ష వాహనం అట్లాంటిస్ షటిల్ ఆఖరిసారి ఎగిరినప్పుడు మేం నలుగురం ఫ్లోరిడాలో నది ఒడ్డున ఉన్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా పాప, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ. షటిల్ ప్రయాణాల్లో అది 135వది, చివరిది. వచ్చినవాళ్లలో చాలామంది ఆ వాహనాన్ని చివరిసారి కళ్లారా చూసుకుందామని వచ్చారు. మేం మాత్రం అందులో ఉన్న ఒకే ఒక్క మహిళ శాండ్రా మాగ్నస్ కోసం వెళ్లాం. ఆ రోజూ, ఆ తరువాతి పదమూడు రోజులూ మా ఇంట్లో ఎలా గడిచాయో ఎప్పటి నుంచో రాయాలనుకుంటున్నాను.

మేం అప్పుడు అట్లాంటాలో ఉండేవాళ్లం. శాండ్రా మాగ్నస్ పుట్టింది ఇల్లినాయ్‌లోని బెల్‌విల్‌లో అయినా, పీహెచ్‌డీ చేసింది మా ఊళ్లోని జార్జియా టెక్‌లో. 1996లో అది పూర్తయింది, అదే ఏడాది నాసా ఆవిడను వ్యోమగామిగా ఎంపిక చేసింది. చివరి షటిల్‌లో వెళ్లేవాళ్ల పేర్లు ప్రకటించినప్పుడు ఆ సంగతి చదివి పాపకు చెప్పాను. మన ఊళ్లో చదువుకున్నావిడ అనేసరికి పాప వదల్లేదు. ఆవిడ ఇంతకుముందు ఏం చేసిందో వెతుకుదాం అంటూ నన్ను కూర్చోబెట్టింది.

అలా వెతుకుతుంటే ఆవిడ వంట గురించి రాసిన ముచ్చట్లు దొరికాయి. 2008 నవంబర్ నుంచి 2009 మార్చి వరకు ఆవిడ భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలోనే ఉంది. అక్కడ పొయ్యి ఉండదు. ప్యాకెట్లు వేడి చేసుకోవడానికి సూట్‌కేసులాంటి ఒక పెట్టె మాత్రం ఉంటుంది. ఆవిడ ఉల్లిపాయలూ వెల్లుల్లీ అల్యూమినియం రేకులో చుట్టి, ఆ పెట్టెలో గంటల తరబడి ఉంచి మగ్గబెట్టేదట. ముక్కలు గాలిలో తేలిపోకుండా అన్నీ ప్లాస్టిక్ సంచుల్లోనే కలుపుకునేదట. పండగ వస్తే తోటివాళ్లకు ఏదో ఒకటి చేసిపెట్టేదట. ఇది చదివి వినిపించినప్పుడు మా అమ్మ చేతిలో ఉన్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"ఉల్లిపాయ మగ్గడానికి అన్ని గంటలా! ఎంత ఓపికే ఆ పిల్లకి" అంది.

ఆ క్షణం నుంచి మాగ్నస్ మా ఇంట్లో "ఆ పిల్ల" అయిపోయింది. అప్పటికి ఆవిడకు 46 ఏళ్లు.

మా అమ్మ తెనాలి దగ్గర ఒక పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా పనిచేసి రిటైరయింది. 1997లో కల్పనా చావ్లా మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటోలన్నీ కత్తిరించి, చార్టుకు అంటించి, స్కూల్లో సైన్స్ గది గోడకు తగిలించింది. ఆ చార్టు అయిదేళ్లకు పైగా అక్కడే ఉంది. 2003 జనవరి 16న కల్పన రెండోసారి ఎగిరింది. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు అమ్మ పదో తరగతి పిల్లలందరికీ చాక్లెట్లు పంచింది. మనమ్మాయి క్షేమంగా వెళ్లిందని చెప్పింది.

పదహారు రోజుల తరువాత, ఫిబ్రవరి 1 శనివారం సాయంత్రం, కల్పన తిరిగి వస్తున్న కొలంబియా షటిల్ ఆకాశంలో ముక్కలై రాలడం టీవీలో చూసింది. సోమవారం బడికి వెళ్తే ఒక అమ్మాయి లేచి నిలబడి అడిగిందట: "టీచర్, దిగేటప్పుడు కూడా ప్రమాదం ఉంటుందా? మీరు ఎక్కడం ఒక్కటే చెప్పారు కదా."

అమ్మ ఈ మాట నాకు ఫోన్లో ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే "షటిల్ చూడటానికి వెళ్దామా అమ్మా" అని అడిగినప్పుడు రాదేమో అనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "వస్తాను. కానీ స్వీట్లు అవీ ఏమీ వద్దు. ఆ పిల్ల కిందికి దిగాక చేసుకుందాం" అంది.

షటిల్ ఎగిరే కెన్నెడీ స్పేస్ సెంటర్ దగ్గరి నుంచి చూసే టికెట్లు లాటరీలో ఇచ్చారు. మాకు రాలేదు. నది ఇవతలి ఒడ్డున ఉన్న టైటస్‌విల్ నుంచి చూడాలని నిర్ణయించుకున్నాం. అక్కడ డబ్బు కట్టక్కర్లేదు, చోటు దొరకబుచ్చుకుంటే చాలు. హోటళ్లు ఎప్పుడో నిండిపోయాయి. కార్లోనే పడుకోవడానికి దుప్పట్లు, రెండు డబ్బాల పులిహోర, నీళ్లు, దోమల మందు, ఒక చిన్న రేడియో పెట్టుకున్నాం. గురువారం తెల్లవారుజామున బయలుదేరి మేకన్, సవానా మీదుగా వెళ్లాం. మామూలుగా ఎనిమిది గంటల దారి. జాక్సన్‌విల్ దాటాక వాన మొదలైంది. రోడ్డు కనపడనంత వాన. లాంచ్ ప్యాడ్ దగ్గరే పిడుగు పడిందనీ, శుక్రవారం వాతావరణం అనుకూలించే అవకాశం 30 శాతమేననీ రేడియోలో చెబుతున్నారు. మా ఆయన నా వైపు చూశాడు. "అత్తయ్యా, వెనక్కి తిరుగుదామా?" అని అమ్మను అడిగాడు.

"వాళ్లు వెనక్కి తిరగలేదు కదా బాబూ, మనం ఎందుకు తిరగాలి?" అంది.

సాయంత్రానికి టైటస్‌విల్ చేరాం. ఒడ్డు పొడవునా కార్లు, గుడారాలు, మడత కుర్చీలు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, మొదటి షటిల్‌ను 1981 ఏప్రిల్‌లో ఇక్కడే చూశామని చెప్పేవాళ్లు. మా పక్కన కుర్చీలు వేసుకున్న ఒక పెద్దాయన ఆ ప్యాడ్ దగ్గర ఎన్నో ఏళ్లు పనిచేశారట. ఈ ప్రయాణం అయిపోతే తన స్నేహితులు చాలామందికి ఉద్యోగాలు ఉండవని చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన మా వైపు చూడలేదు, అవతలి ఒడ్డు వైపే చూశారు. ఒక యుగం ముగియడం అని పత్రికల్లో రాస్తుంటే మామూలుగా చదివేశాను కానీ, ఆ మాట వెనక ఇన్ని ఇళ్లు ఉన్నాయని ఆయన పక్కన కూర్చున్నాకే నాకు తెలిసింది.

రాత్రి వాన తగ్గాక నది అవతల, నీళ్ల మీద దూరంగా తెల్లటి దీపాల కాంతి కనిపించింది. అదే ప్యాడ్. మాకూ దానికీ మధ్య దాదాపు 20 కిలోమీటర్లు. అమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పింది. ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తే, 20 కిలోమీటర్లకు ఎంతసేపు? పాప వేళ్లు మడిచి, "దగ్గర దగ్గర నిమిషం" అంది. "అంతే. ముందు మంట కనిపిస్తుంది, చప్పుడు నిమిషం తరువాత వస్తుంది. భయపడకు" అంది అమ్మ. రిటైరై మూడేళ్లయినా ఆ గొంతు ఏం మారలేదు.

శుక్రవారం పొద్దున ఆకాశం నిండా మబ్బులు. పది గంటలకు ఆగిపోతుందన్నారు, పదిన్నరకు వెళ్తుందన్నారు. ఎవరి రేడియో వాళ్లు చెవి దగ్గర పెట్టుకున్నారు. పదకొండు దాటాక కౌంట్‌డౌన్ నడుస్తోందని తెలిసి జనమంతా లేచి నిలబడ్డారు. సరిగ్గా 31 సెకన్ల దగ్గర గడియారం ఆగిపోయింది. ఇంధన ట్యాంకు నెత్తిన టోపీలా ఉండే ఒక గొట్టం, దాన్ని పట్టుకున్న చెయ్యి పూర్తిగా వెనక్కి జరిగిందో లేదో కంప్యూటరుకు రూఢి కాలేదట. కెమెరాతో చూసి సరిచూసుకుంటున్నారు. రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పట్టింది. అంత టెన్షన్ నేను నా పరీక్షలప్పుడు కూడా పడలేదు. అమ్మ మాత్రం తన పాత హెచ్‌ఎంటీ గడియారం మణికట్టు మీంచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

11 గంటల 29 నిమిషాలకు నది అవతల ఒక వెలుగు పుట్టింది. బొమ్మల్లో చూసిన నారింజ రంగు కాదు, సూర్యుణ్ని ముక్క కోసి నిలబెట్టినట్టుగా, చూస్తుంటే కళ్లు చెమర్చేంత వెలుగు. ఏ చప్పుడూ లేదు. అంత పెద్ద మంట అంత నిశ్శబ్దంగా పైకి లేస్తుంటే చుట్టుపక్కల వేలమంది ఒక్కసారిగా కేకలు వేశారు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని "శాండ్రా! శాండ్రా!" అని అరుస్తోంది. నిమిషం కూడా గడవకముందే అది మబ్బులో దూరింది. మబ్బు లోపల ఒక క్షణం దీపం వెలిగినట్టయింది, అంతే. ఖాళీ ఆకాశం, కింద పొగ స్తంభం.

అప్పుడొచ్చింది చప్పుడు. ముందు దూరంగా ఉరుములా, తరువాత పెనుగాలికి రేకుల కప్పు కొట్టుకున్నట్టు పటపటమంటూ, నా గుండెలోనూ కాళ్ల కింద నేలలోనూ. మనిషి వెళ్లిపోయాక అడుగుల చప్పుడు వినిపించినట్టుంది.

అందరూ ఆకాశంలోకి చూస్తుంటే అమ్మ గడియారంలోకి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్తే లెక్కపెడుతోందని అర్థమైంది. 73 దగ్గర ఒకసారి కళ్లు మూసుకుంది. 1986 జనవరిలో ఛాలెంజర్ షటిల్ పేలిపోయిన సెకను అది. ఆ వాహనంలో ఏడుగురు, వాళ్లలో జూడిత్ రెస్నిక్, టీచరు క్రిస్టా మెకాలిఫ్. తరువాత 82 దగ్గర మళ్లీ కళ్లు మూసుకుంది. కొలంబియా ఇంధన ట్యాంకు పైపూత నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్కను కొట్టింది అప్పుడే, దిగేటప్పుడు అది ముక్కలవడానికి కారణం ఆ దెబ్బే. రెండు నిమిషాలు దాటాక రేడియోలో పక్కనున్న బూస్టర్ రాకెట్లు విడిపోయాయని చెప్పారు. అమ్మ గడియారం మళ్లీ చేతికి పెట్టుకుంది.

"సగం అయింది" అంది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. చీకటి పడ్డా మేం ఫ్లోరిడా దాటలేదు. పులిహోర ఖాళీ అయింది.

నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఆ తరువాతి రోజులే. అమ్మ ప్రతిరోజూ నాసా టీవీ పెట్టించేది. రెండో రోజు వాళ్లు రోబో చేతికి ఒక పొడవైన కడ్డీ తగిలించి, దాని చివర ఉన్న లేజర్లతో, కెమెరాలతో రెక్కల అంచులు, ముక్కు భాగం అంగుళం అంగుళం పరీక్షించారు. మూడో రోజు అంతరిక్ష కేంద్రానికి చేరువవుతూ షటిల్ నెమ్మదిగా ఒక పల్టీ కొట్టింది. దాని పొట్ట కింద ఉండే, వేడిని తట్టుకునే నల్లటి పలకలను కేంద్రంలో ఉన్నవాళ్లు ఫొటోలు తీయడానికి. కొలంబియా తరువాత ఈ తనిఖీలన్నీ తప్పనిసరి చేశారని చదివి చెప్పాను. "అప్పుడు కూడా ఇలా చూసుంటే" అని అమ్మ అక్కడితో ఆపేసింది.

ఒక రాత్రి నిద్ర పట్టక లేచి వస్తే అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర నా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. కొలంబియా ప్రమాదంపై విచారణ సంఘం 2003 ఆగస్టులో ఇచ్చిన నివేదిక చదువుతోంది. పాప తెరిచి ఇచ్చిందట. పక్కన నోట్సు కూడా రాసుకుంటోంది. ఒక పేజీ చూపించి, "అమ్మాయ్, ఇది చదువు" అంది.

కొలంబియాకు మూడు నెలల ముందు, 2002 అక్టోబర్‌లో ఎగిరిన అట్లాంటిస్‌లో కూడా ట్యాంకు మీద అదే చోటి నుంచి నురగ ముక్క ఊడింది. అది రెక్కకు కాకుండా బూస్టర్ రాకెట్టు కింది భాగంలో ఒక పట్టీకి తగిలి సొట్ట పెట్టింది. దాన్ని ఎగరడం ఆపాల్సినంత ప్రమాదంగా లెక్కించలేదు. మధ్యలో ఇంకో షటిల్ వెళ్లొచ్చింది, ఆ తరువాత కల్పన ఎక్కింది. అప్పటి ఆ అట్లాంటిస్‌లో ఉన్న ఆరుగురిలో శాండ్రా మాగ్నస్ ఒకరు. ఆవిడ మొదటి ప్రయాణం అది.

నేను ఆ పేరా రెండుసార్లు చదివాను. కల్పన తరువాతి బ్యాచ్ మాగ్నస్‌ది. ఇద్దరూ ఒకే చోట శిక్షణ పొందినవాళ్లు. నురగ ముక్క కాస్త అటో ఇటో తగలడంలో ఉన్న తేడా.

"ఈ పిల్లకి తెలుసు కదే" అంది అమ్మ. "తను ఎక్కినదాంట్లో ఏం జరిగిందో, ఆ తరువాత తన స్నేహితురాలికి ఏమయిందో, అంతా తెలిసి మళ్లీ రెండుసార్లు ఎక్కింది."

వ్యోమగాముల ధైర్యం గురించి అంతకు ముందు ఎన్నో విన్నాను. ఆ అర్ధరాత్రి అమ్మ అన్న మాటతోనే అది నాకు నిజంగా అర్థమైంది. ఏమీ తెలియక ఎక్కడం వేరు.

ఈసారి నలుగురే ఎందుకు వెళ్లారో కూడా అమ్మకు ఆ రోజుల్లోనే చెప్పాను. వీళ్లకు ఏదైనా అయితే తీసుకురావడానికి ఇంకో షటిల్ సిద్ధంగా లేదు. షటిల్ దెబ్బతింటే నలుగురూ అంతరిక్ష కేంద్రంలోనే ఉండి, ఒక్కొక్కరుగా రష్యా వాళ్ల సోయజ్ నౌకలో దిగాలి. చివరి మనిషి దిగేసరికి ఏడాది పడుతుంది. అందుకని రష్యన్ సూట్లు కూడా ముందే కుట్టించి పెట్టారు. అమ్మకు ఇది చాలా నచ్చింది. "దిగే దారి ముందే చూసి పెట్టారన్నమాట" అంది.

మాగ్నస్‌కు ఈ ప్రయాణంలో సామాను బాధ్యత. ఆ పనిని లోడ్‌మాస్టర్ అంటారు. ఏడాది పాటు కేంద్రంలో ఉండేవాళ్లకు సరిపడా తిండి, బట్టలు, విడిభాగాలు, నాలుగు టన్నులకు పైగా సామాను రాఫెల్లో అనే పెద్ద డబ్బాలో తీసుకెళ్లారు. అదంతా దించి, ఎక్కడిదక్కడ చేర్చి, పాడైన యంత్రాలూ పాత సామానూ రెండున్నర టన్నుల దాకా తిరిగి అందులోకి ఎక్కించాలి. ఇక షటిల్ రాదు కాబట్టి కిందికి ఏం తెచ్చుకోవాలన్నా ఇప్పుడే తెచ్చుకోవాలి. పని ఎక్కువై ప్రయాణాన్ని ఒక రోజు పొడిగించారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏ పెట్టెలో ఏముందో ఒక్కరికే తెలిసినట్టు, టీవీలో ఆవిడ జాబితా చేత్తో పట్టుకుని సంచుల మధ్య తేలుతూ కనిపించేది. పాప ఆవిడ జుట్టు చూసి నవ్వేది. ఉంగరాల జుట్టు నలువైపులా విచ్చుకుని ఉండేది.

జులై 21 తెల్లవారుజామున నాలుగింటికే అమ్మ స్నానం చేసి హాల్లో కూర్చుంది. 5 గంటల 57 నిమిషాలకు దిగాలి. పాపను లేపొద్దని నేనంటే, "లేపు. ఎక్కడం చూసింది, దిగడం కూడా చూడాలి" అంది. కొలంబియా ముక్కలైంది దిగడానికి పదహారు నిమిషాల ముందు. గోడ గడియారం 5:41 చూపించినప్పుడు మా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టీవీలో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి, వాహనం నుంచి జవాబులు వస్తూనే ఉన్నాయి. ఇంకా చీకటే. రన్‌వే దీపాల మధ్యలోంచి ఒక తెల్లటి నీడలా వచ్చి, వెనక చక్రాలు నేలను తాకాయి, వెనక పారాచూట్ విచ్చుకుంది, ముందు చక్రం వాలింది. కాసేపటికి పూర్తిగా ఆగింది.

అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. లేచి వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టింది. బియ్యం రాత్రే కడిగి ఉంచింది. తెనాలి నుంచి తెచ్చిన బెల్లం చివరి అచ్చు అప్పటిదాకా దాచి ఉంచిందని నాకు తెలియదు.

సాయంత్రం పాప స్నేహితురాళ్లు ఏడుగురిని పిలిచాం. ఇద్దరు తెలుగువాళ్లు, మిగతావాళ్లు చుట్టుపక్కల పిల్లలు. ఫ్రిజ్ తలుపు మీద మాగ్నస్ ఫొటో, పక్కన కల్పన ఫొటో పెట్టాం. మాగ్నస్ చేసినట్టే ఉల్లిపాయలూ వెల్లుల్లీ కాస్త ఆలివ్ నూనె వేసి రేకులో చుట్టి, ఓవెన్ వీలైనంత తక్కువ వేడిలో పెట్టింది అమ్మ. అవి మగ్గేదాకా పిల్లలకు కథ చెప్పడం అమ్మ పని, ఇంగ్లిషులో. 1963లో వాలెంటినా తెరెష్కోవా, సరిగ్గా ఇరవై ఏళ్లకు 1983లో షటిల్ ఎక్కిన శాలీ రైడ్, 1999లో షటిల్‌కే కమాండర్ అయిన ఐలీన్ కాలిన్స్. ఈసారి దిగడం ఎలా ఉంటుందో కూడా చెప్పింది. గాలి రాపిడికి ఎంత వేడి పుడుతుందో, పలకలు ఎందుకో, రెక్కల ముందు అంచు ఎంత ముఖ్యమో. అట్ట ముక్కతో రెక్క చేసి చూపించింది. ఒక పాప "ఇప్పటికి మగ్గిందా?" అని పది నిమిషాలకోసారి అడుగుతూనే ఉంది. రెండు గంటలు దాటాక రేకు విప్పితే ఇల్లంతా ఘుమఘుమ. బ్రెడ్ మీద రాసి తిన్నారు, తరువాత పరమాన్నం.

ఆ ప్రయాణంలోనే వాళ్లు ఒక చిన్న అమెరికా జెండాను కేంద్రంలో వదిలి వచ్చారు. 1981లో మొదటి షటిల్‌లో ఎగిరిన జెండా అది. మళ్లీ అమెరికా నేల మీంచి వచ్చే మొదటివాళ్లు తీసుకెళ్లాలని. తొమ్మిదేళ్ల దాకా ఎవరూ అలా రాలేదు. 2020లో వచ్చిన ఇద్దరిలో ఒకరు డగ్ హర్లీ, ఆ ఆఖరి షటిల్‌ను నడిపిన పైలట్. ఆ వార్త పాపే నాకు పంపింది. అప్పటికి కాలేజీలో చేరబోతోంది.

2021 జులై 11న, ఆదివారం, గుంటూరులో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల న్యూ మెక్సికో నుంచి రాకెట్ విమానంలో ఎనభై కిలోమీటర్ల పైకి వెళ్లింది. అమ్మకు వెంటనే ఫోన్ చేశాను. తెనాలిలో అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది.

"అమ్మా, మన గుంటూరు అమ్మాయి అంతరిక్షంలోకి వెళ్లింది!"

"దిగిందా?"

"దిగింది. ఇప్పుడే. నవ్వుతూ నడిచి వచ్చింది."

"ఉండు" అని ఫోన్ ఎక్కడో పెట్టింది. వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు, గిన్నె కడిగిన చప్పుడు వినిపించాయి. చాలాసేపటి దాకా మళ్లీ ఫోన్ దగ్గరికి రాలేదు.